నవ్వితే నయమైనట్టే

జిల్లాలో పిల్లల మనసులు బాగుపడుతున్నాయా లేదా అన్నది తేల్చడానికి ప్రభుత్వం దగ్గర ఇన్నాళ్ళూ సరైన సాధనం లేకపోయింది. రోడ్డు వేస్తే ఫోటో తీయొచ్చు. మరుగుదొడ్డి కడితే దాని ముందు ఇంటాయన్ని నిలబెట్టి తీయొచ్చు. మొక్క నాటితే మొక్కనీ, నాటినవాళ్ళనీ కలిపి తీయొచ్చు. మొక్క చచ్చినా ఫోటో పచ్చగానే ఉంటుంది. కానీ పెద్దాసుపత్రి వెనక బ్లాకులో, పిల్లల మానసిక వైద్య విభాగంలో, డాక్టర్ స్వర్ణలత తలుపు వేసుకుని ఒక పిల్లాడితో ముప్పావుగంట మాట్లాడితే దేన్ని ఫోటో తీస్తారు చెప్పండి? పిల్లాడు ఎలా వచ్చాడో అలాగే వెళ్తాడు. కొందరైతే మామూలుగా వచ్చి ఏడుస్తూ వెళ్తారు. దాన్ని అభివృద్ధి అని ఏ నోటితో చెప్పుకోవాలి?

ఈ చిక్కు విప్పిన మహానుభావుడు పట్టాభిరామయ్యగారు. ఆయన హోదా జిల్లా మానసికోల్లాస సమన్వయాధికారి. అంతకుముందు భూగర్భ జలాల శాఖలో చేసేవారు. బోరు వేశాక నీళ్ళు పడ్డాయో లేదో పైకి కనబడి తీరాలన్నది అక్కడ ఆయన నేర్చుకున్న సూత్రం. మనసుకి కూడా అలా పైకి చిమ్మేది ఒకటి ఉండకపోదని ఆలోచించారు. ఉంది, నవ్వు. అంతే, 'దరహాసం' అనే యాప్ తయారైపోయింది. దాని వెనకాలే ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, చికిత్సకు విచ్చేయు ప్రతి బిడ్డ ముఖబింబమును యాప్ నందు నమోదు చేయవలెను. నవ్వు అరవై శాతమునకు లోబడియున్నచో సదరు బిడ్డను రోగిగా పరిగణించి టోకెన్ జారీ చేయబడును. అరవై దాటినచో సదరు బిడ్డకు నయమైనట్లే. నయమైన బిడ్డకు టోకెన్ జారీ కానేరదు. నయమైన బిడ్డను పరీక్షించుట ప్రజాధన దుర్వినియోగముగా భావింపబడును."

స్వర్ణలత ఆ కాగితం పట్టుకుని ఆయన ఆఫీసుకి వెళ్ళింది. నవ్వని పిల్లలందరూ రోగులు కారనీ, నవ్వేవాళ్ళందరూ బాగున్నట్టూ కాదనీ, ఒక్కోసారి పిల్లలు బాగుపడటం ఏడుపుతోనే మొదలవుతుందనీ ఓపిగ్గా చెప్పింది. ఆయన టీ తెప్పించారు, శ్రద్ధగా విన్నారు. మంచి మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనరు.

"డాక్టరుగారూ, మీరు చెప్పేది వైద్యం. నేను మాట్లాడేది ఫలితం. దయచేసి రెంటినీ కలపకండి" అన్నారు.

వారం తిరక్కుండా వరండాలో గుమ్మం పక్కన స్టాండు మీద కెమెరా, దాని పక్కన టీవీ అంత తెర, తెర కింద టోకెన్లు కక్కే చిన్న మిషను వెలిశాయి. దాని దగ్గర సిస్టర్ ఎస్తేరుని నిలబెట్టి, 'చిరునవ్వు ప్రేరకురాలు' అని కొత్త హోదా ఇచ్చారు. పాపం ఎస్తేరు ఉద్యోగంలో చేరిన దగ్గర్నించీ పిల్లల వార్డులో ఇంజక్షన్లు చేసింది. ఆవిడ తెల్లకోటు కనబడితే చాలు, ఊళ్ళో సగం మంది పిల్లలు రాగం తీస్తారు. అలాంటి మనిషిని పట్టుకుని నవ్వించమన్నారు.

ఆ రోజుల్లోనే, మాటలు రాని, ఎవరి కళ్ళల్లోకీ చూడని ఒక బాబు మొదటిసారి స్వర్ణలత కొంగు పట్టుకుని మంచినీళ్ళ కుండ దాకా లాక్కెళ్ళాడు. వాడికి దాహం వేస్తే ఇంకో మనిషిని అడగాలన్న సంగతి తెలిసిన రోజు అది. వాళ్ళమ్మ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. స్వర్ణలతకి ఆ పూట అన్నం తినకపోయినా కడుపు నిండినట్టుంది. యాప్ మాత్రం వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర బాబుకి సున్నా, పక్కనే కనబడ్డ వాళ్ళమ్మకి సున్నా వేసి 'చికిత్స విఫలం' అని ఎర్ర అక్షరాలతో చూపించింది. మర్నాడు మెమో వచ్చింది. "మీ విభాగమున ఏడుపు రాష్ట్ర సగటును మించియున్నది. తక్షణమే తగ్గించవలెను."

కళ్ళు తుడుచుకోవడానికి పేపరు రుమాళ్ళు కావాలని స్వర్ణలత పెట్టిన అర్జీ కూడా తిరిగొచ్చింది. రుమాళ్ళు కోరుట ఏడుపును ముందుగా ఆహ్వానించుటయే అగునట.

ఆ తరవాత చక్కిలిగింతల సంగతి వచ్చింది. పెట్టొచ్చా, పెట్టకూడదా అని ఒక కమిటీ కూర్చుంది. చేత్తో పెడితే అసభ్యత, ఈకతో పెడితే చికిత్స అని తేల్చింది. నెమలి ఈకలకి అటవీశాఖ ఒప్పుకోలేదు. టెండరు పిలిస్తే అందరికన్నా తక్కువకి పాడినవాడు కోడి ఈకలు సరఫరా చేశాడు. వాటితో పిల్లలకి నవ్వు రాలేదుగానీ తుమ్ములు వచ్చాయి. తుమ్మే ముందు మొహం ఒక క్షణం నవ్వులా విచ్చుకుంటుందనీ, ఆ క్షణంలో బొత్తాం నొక్కితే అరవై దాటుతుందనీ ఎస్తేరు కనిపెట్టాక మన జిల్లా స్థానం ఒక్కసారిగా పైకి లేచింది.

తరవాత కుటుంబమంతా నవ్వాలన్నారు. కొడుక్కి నత్తి అని ఒక మొగుడూ పెళ్ళాం తీసుకొచ్చారు. ఇద్దరికీ మాటల్లేక ఏళ్ళయింది, బిడ్డ నత్తి అందులోంచే వచ్చిందని స్వర్ణలతకి అనుమానం. వాళ్ళని కెమెరా ముందు పక్కపక్కన నిలబెడితే యాప్ చాలాసేపు ఆలోచించి, 'మరొక కుటుంబ సభ్యునితో ప్రయత్నించండి' అని సలహా ఇచ్చింది. ఆయన అదే మాట తను ఎప్పణ్ణుంచో అనుకుంటున్నానన్నాడు. ఆవిడ ఆ పూటే పుట్టింటికి వెళ్ళిపోయింది.

పళ్ళ గొడవ ఆఖరున వచ్చింది. ముందరి పళ్ళు ఊడిన పిల్లలు ఎంత నవ్వినా మిషను దాన్ని నవ్వుగా ఒప్పుకోలేదు. దానికి నోట్లో తెల్లగా కనబడాలి. పట్టాభిరామయ్యగారు పళ్ళ డాక్టరుకి రాశారు, చిన్నపిల్లలకి కట్టుడు పళ్ళు పెట్టడం కుదురుతుందా అని. కుదరదని జవాబొచ్చాక బాధపడుతూనే ఇంకో ఉత్తర్వు వదిలారు. "పాలపళ్ళు ఊడిన పిల్లలకు నయమైనదీ కానిదీ నిర్ధారించుట సాధ్యము కానందున, పళ్ళు మొలచునంతవరకు వారికి టోకెన్లు జారీ అగుచుండును."

ఇలా బండి నడుస్తుండగా పావని వచ్చింది.

పావనికి ఏడేళ్ళు. మార్కెట్ సెంటర్లో ఇడ్లీబండి పెట్టుకున్న గోవిందు కూతురు. తల్లి లేదు. ఎనిమిది నెలల కిందట విషజ్వరం వస్తే ఇదే ఆసుపత్రికి తీసుకొచ్చారు, ఇక్కడే పోయింది. పిల్లని నాయనమ్మ సత్తెమ్మ పెంచుతోంది. బడిలో టీచరమ్మ పంపితే వచ్చారు. ఆటస్థలంలో పడి పిల్ల మోచెయ్యి చీరుకుపోయిందట, కుట్లు పడ్డాయట. రక్తం కారుతున్నంతసేపూ నవ్వుతూనే నిలబడిందట. టీచరమ్మ హడలిపోయి, ముందు పిల్లల మనసు డాక్టరుకి చూపించండి అని చేతులు పట్టుకుని చెప్పి పంపించింది.

పావని కెమెరా ముందు నిలబడగానే తెర పచ్చగా వెలిగింది. తొంభై ఎనిమిది. 'నయమైనది. శుభాకాంక్షలు.' టోకెను రాలేదు. ఎస్తేరు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ తొంభై ఎనిమిది. కొంచెం మొహం ముడుచుకోమ్మా అని బతిమాలింది. ఆఖరికి ట్రేలోంచి సూది తీసి చూపించింది. అది చూడగానే పిల్ల నవ్వు ఇంకాస్త పెద్దదై తొంభై తొమ్మిదికి వెళ్ళింది. ఎస్తేరు సూది ట్రేలో పెట్టేసి, "నాకు భయంగా ఉందమ్మగారూ" అని లోపలికొచ్చి చెప్పింది.

టోకెను లేనిదే గదిలోకి రానివ్వకూడదు. కాబట్టి స్వర్ణలత తన భోజనం వేళలో, జనరేటరు పక్కన అరుగు మీద కూర్చుంది. అది ఆసుపత్రిలో భాగమే గాని విభాగంలో భాగం కాదు. కూతుర్ని కూర్చోబెట్టినట్టు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తన క్యారేజీలోంచి పులిహోర పెట్టింది. పావని ముందరి పళ్ళు రెండూ ఊగుతున్నాయి. పక్క దవడతో నముల్తోంది. పీకించుకోవచ్చు గదా అంటే, నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. "అమ్మొచ్చాక అండి. అమ్మ దారం కట్టి లాగుద్ది. నొప్పి తెలీదు."

స్వర్ణలత సత్తెమ్మ మొహం చూసింది. సత్తెమ్మ జనరేటరు వైపు చూసింది.

పిల్ల కాస్త ఎడంగా వెళ్ళి ఆడుకుంటుంటే ముసలమ్మ నోరు విప్పింది. కోడలు పోయిన రోజు పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఏం చెయ్యాలో పాలుపోలేదట. అమ్మ ఆసుపత్రిలో ఉందనీ, నువ్విలా ఏడిస్తే డాక్టర్లు ఇంటికి పంపరనీ, నవ్వుతూ ఉంటే తొందరగా పంపిస్తారనీ చెప్పిందట. ఆ నిమిషంలో పిల్ల ఏడుపు ఆపింది. మళ్ళీ ఏడవలేదు. "ఆ పూట గడిస్తే చాలనుకున్నానండి. ఇన్ని నెలలు నవ్వుద్దనుకోలేదు" అంది సత్తెమ్మ. కొడుక్కి కూడా చెప్పే ధైర్యం లేదు. తెల్లారగట్ట లేచి పిండి రుబ్బుకుని బండి దగ్గరికి పోతాడు, ఇంట్లో కోడలి మాట ఎత్తడు.

స్వర్ణలత ఆవిడకి తెలిసేలా మెల్లిగా చెప్పింది. ఈ మాట డాక్టరు నోటంట రాకూడదు, మీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మీరే చెప్పాలి, నేను పక్కనే ఉంటాను, ఏడుస్తుంది, ఏడవనివ్వాలి అంది. సత్తెమ్మ సరేనంది. మంగళవారం వద్దంది. తరవాత అమావాస్య అంది. ఆ తరవాత పిల్లకి పరీక్షలు అంది. రోజూ మధ్యాహ్నం వస్తూనే ఉంది, పులిహోరో పెరుగన్నమో పిల్ల తింటూనే ఉంది, మాట మాత్రం గొంతు దాటడం లేదు. స్వర్ణలత తొందరపెట్టలేదు. కానీ ఒక మధ్యాహ్నం పావని ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇంకా చాలదాండి?" అని అడిగింది. ఏంటమ్మా అంటే, "నవ్వు" అంది.

నయమైన బాలికతో డాక్టరు అనధికారికంగా మాట్లాడుతున్నట్టు పైకి తెలియనే తెలిసింది. సంజాయిషీ అడగడానికి స్వయంగా వచ్చిన పట్టాభిరామయ్యగారు తెర మీద పావని మార్కులు చూసి సంజాయిషీ సంగతే మర్చిపోయారు. జిల్లాలో అంత నవ్వు ఇంకెవరికీ లేదు. పైగా రోగం నమోదు కాకముందే నయమైన మొట్టమొదటి కేసు. దీన్ని ముందస్తు స్వస్థత అంటారని అప్పటికప్పుడు పేరు పెట్టారు. వచ్చే నెలలో మంత్రిగారు వచ్చి మనది 'నవ్వుల జిల్లా' అని ప్రకటించబోతున్నారు. ఆ సభలో పావని చిరునవ్వుల రాయబారి అన్నారు.

స్వర్ణలత ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి సంగతంతా చెప్పింది. ఆ పిల్ల వేదిక ఎక్కకూడదనీ, ఆ నవ్వే దాని జబ్బనీ, తల్లి పోయిన సంగతి ఇంట్లోవాళ్ళు ఈ వారం పది రోజుల్లో చెప్పబోతున్నారనీ చెప్పింది. ఆయన నిజంగానే కదిలిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంత సున్నితమైన విషయాన్ని నోటిమాటతో వదిలెయ్యడం భావ్యం కాదని, ఆఫీసుకి వెళ్ళాక లిఖితపూర్వకంగానే పంపించారు.

"సదరు బాలికకు తల్లి మరణవార్తను తెలియపరచుటకు ఈ కార్యాలయమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు. అయితే కార్యక్రమ ప్రాధాన్యతను దృష్టియందుంచుకొని, సదరు వార్తను సభానంతరము తెలియపరచవలెను."

గోవిందుని కూడా పిలిపించి మాట్లాడారు. ఇడ్లీబండి వేసుకునే చోటు మున్సిపాలిటీదేనన్న మాట ఎవరో మాటవరసకి అన్నారు. గోవిందు తల ఊపాడు.

సభ టౌన్ హాల్లో పెట్టారు. వేదిక మీద పెద్ద తెర, కెమెరా, టోకెన్ల మిషనుతో సహా దరహాసం మొత్తాన్ని తెచ్చి నిలబెట్టారు, మంత్రిగారికి ప్రత్యక్షంగా చూపించడానికి. కోడి ఈకలు గాజు పెట్టెలో ఉంచారు. స్వర్ణలత సత్తెమ్మ పక్కన ముందు వరసలో కూర్చుంది. గోవిందు గుమ్మం దగ్గర నిలబడ్డాడు, బండి దగ్గర్నించి అలాగే వచ్చినట్టున్నాడు, భుజాన తువ్వాలు ఉంది.

పావనికి జరీ పరికిణీ కట్టి, కిరీటం పెట్టి నిలబెట్టారు. తెర మీద మొహం, మొహం కింద తొంభై ఎనిమిది. జనం చప్పట్లు కొట్టారు. తొంభై తొమ్మిది. మంత్రిగారు ముచ్చటపడి మైకు పిల్ల నోటి దగ్గర పెట్టి, ఇంత చక్కగా ఎలా నవ్వుతావమ్మా అని అడిగారు.

"మా అమ్మ రావాలనండి" అంది పావని. "అమ్మ ఆసుపత్రిలో ఉందండి. నేను నవ్వుతా ఉంటే డాక్టర్లు పంపిస్తారంట. ఇంతమంది చప్పట్లు కొట్టారు గదండి, ఇప్పుడు పంపిస్తారాండి?"

మంత్రిగారికి రోజుకి పదిమంది మైకులో ఏదో ఒకటి అడుగుతారు. పింఛను, కుళాయి, కల్వర్టు. ఆయనకి చెయ్యి దానంతటదే పైకి లేచింది. "తప్పకుండా పంపిస్తారు తల్లీ. ఈ వేదిక మీంచే అధికారులకి ఆదేశాలు ఇస్తున్నా" అన్నారు. హాలు దద్దరిల్లింది. పట్టాభిరామయ్యగారు జేబులోంచి కలం తీసి రాసుకున్నారు.

పావని వేదిక మీంచి స్వర్ణలత వైపు చూసింది. గెలిచేశాం అన్నట్టు చూసింది. స్వర్ణలత లేవబోయింది. కానీ అంతకన్నా ముందు పక్క కుర్చీలోంచి సత్తెమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. ఎవరో ఆపబోతే చెయ్యి తోసేసింది. వేదిక మధ్యలో చతికిలబడి, పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. మైకు ఇంకా పిల్ల దగ్గరే ఉంది, అందుకని అందరికీ వినబడింది.

"రాదమ్మా. ఎవరు చెప్పినా రాదు. మీ అమ్మ చచ్చిపోయింది. నేనే అబద్ధం చెప్పాను."

పావని నవ్వుతూనే నాయనమ్మని చూసింది. తెర మీద అంకె కాసేపు కదల్లేదు. తరవాత తొంభై అయింది. డెబ్భై అయింది. అంత పెద్ద హాల్లో అందరూ ఆ అంకెనే చూస్తున్నారు. స్వర్ణలత ఒక్కతే పిల్లని చూస్తూ పరుగున మెట్లెక్కి, వాళ్ళ పక్కన కింద కూర్చుంది. అంకె సున్నాకి వచ్చింది. అప్పుడు పావని ఏడ్చింది. ఇన్ని నెలల ఏడుపు అది, ఎక్కడ మొదలెట్టాలో తెలియక ముందు నోరు తెరిచి ఉండిపోయి, ఆ తరవాత హాలు కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. గుమ్మం దగ్గర గోవిందు మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. మ్యూజిక్, మ్యూజిక్ అని పట్టాభిరామయ్యగారు చేతులూపుతున్నారు.

ఆ సందట్లో మిషను ట్రింగుమంది. పిల్ల మొహం చూసి, లెక్క చూసుకుని, దరహాసం ఆమెని రోగిగా నమోదు చేసుకుంది. టోకెను బయటికొచ్చింది. స్వర్ణలత చెయ్యి చాపి దాన్ని చింపి, హ్యాండ్‌బ్యాగులో భద్రంగా పెట్టుకుంది.

మర్నాడు మెమో వచ్చింది. నయమైయున్న బాలిక మీ సమక్షమున రోగిగా మారుటకు గల కారణములు తెలుపవలెను అని. 'ఆమె తల్లి మరణించినది. చికిత్స ప్రారంభమైనది' అని స్వర్ణలత జవాబు రాసింది. రెండో మెమో సభా నిర్ణయాల గురించి. అందులో మూడో అంశం, 'బాలిక తల్లిని ఇంటికి పంపుట. చర్య: డాక్టర్ స్వర్ణలత.' దాని మీద ఏం చర్య తీసుకున్నారని ఇప్పటికీ నెలనెలా అడుగుతూనే ఉన్నారు.

పావని ఇప్పుడు గుమ్మంలోంచే వస్తుంది, దర్జాగా, టోకెనుతో. మొదట్లో వచ్చి ఏడ్చేది. తరవాత కొన్నాళ్ళు కోపం. నాయనమ్మ మీద, నాన్న మీద, ఆసుపత్రి మీద. ఒకసారి ఎస్తేరు చెయ్యి కొరికింది. ఆ కొరకడంలోనే ఊగుతున్న పన్ను ఒకటి ఊడింది. ఎస్తేరు చెయ్యి తుడుచుకుంటూ, "ఇంజక్షన్లకి బాకీ తీరిందిలెండి" అంది.

రెండో పన్ను మొన్న సోమవారం ఊడింది. గోవిందు దారం కట్టి లాగాడట. ఎలా లాగాలో మీ అమ్మ దగ్గర చూసి నేర్చుకున్నానని పావనికి చెప్పాడట. ఆ పేరు ఎత్తి ఇంట్లో చాలాసేపు మాట్లాడుకున్నారట. పావని పన్నుని కాగితంలో చుట్టుకుని తీసుకొచ్చింది, ఆసుపత్రి కప్పు మీదకే వెయ్యాలని పట్టుబట్టి. సత్తెమ్మ విసిరితే గోడకి తగిలి వెనక్కొచ్చింది. స్వర్ణలత విసిరితే సన్‌షేడుకి తగిలి, వరండాలోంచి వస్తున్న ఎస్తేరు ట్రేలో టంగుమని పడింది. ఎస్తేరు ట్రే వదిలేసి కెవ్వుమంది. దాంతో పావని పడీ పడీ నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా, ముందర పళ్ళు లేని నోరంతా తెరుచుకుని నవ్వింది. ఆ పిల్ల నవ్వడం స్వర్ణలత అదే చూడటం.

నవ్వుతూనే వరండా ఎక్కి, సభ నించి తిరిగొచ్చిన కెమెరా ముందు సరిగ్గా నిలబడింది. ఎస్తేరు గభాల్న అడ్డం వెళ్ళబోయింది గానీ, మిషను అప్పటికే చూసేసింది. అందరూ తెర వైపు తిరిగారు. తెర కాసేపు ఆలోచించింది.

'నవ్వు కనబడలేదు. చికిత్స కొనసాగించవలెను.'

ట్రింగుమని టోకెను వచ్చింది. స్వర్ణలత దాన్ని చింపుకుని, పావని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది.